కాపలా చట్టాలు: సెనేటర్ చక్ గ్రాస్లీ శాసనకృషి, అయోవా కౌంటీల ఊతం

అమెరికా మధ్యపశ్చిమ ప్రాంతంలోని అయోవా రాష్ట్రంలో 99 కౌంటీలున్నాయి. 1981 జనవరిలో సెనేటులో అడుగుపెట్టిన చార్లెస్ గ్రాస్లీ (అందరికీ చక్ గ్రాస్లీ) ఆ ఏటి నుంచి ప్రతి సంవత్సరం ఆ 99 కౌంటీల్లోనూ కనీసం ఒక్కసారైనా జనంతో ముఖాముఖి కూర్చుంటూ వస్తున్నారు. ఈ సమావేశాలకు పెద్ద హంగులుండవు. బడిలో ఆటల హాలు, ఊరి గ్రంథాలయంలో ఒక గది, ఫ్యాక్టరీ క్యాంటీన్, ఏది దొరికితే అది. ఏం మాట్లాడాలో వచ్చినవాళ్లే తేలుస్తారు. రాజకీయ విలేఖరులు ఈ యాత్రకు ‘ఫుల్ గ్రాస్లీ’ అని పేరు పెట్టారు. అధ్యక్ష పదవికి పోటీపడేవాళ్లు కూడా అయోవాలో మొత్తం 99 కౌంటీలూ తిరిగామని గొప్పగా చెప్పుకొంటారంటే, ఒక మనిషి అలవాటు ఒక రాష్ట్రపు రాజకీయ మర్యాదగా ఎలా మారిందో ఊహించవచ్చు.

గ్రాస్లీ 1933 సెప్టెంబరు 17న న్యూ హార్ట్‌ఫర్డ్ అనే చిన్న ఊళ్లో పుట్టారు. రైతు కుటుంబం. 1959 నుంచి అయోవా శాసనసభలో, 1975 నుంచి అమెరికా ప్రతినిధుల సభలో, 1981 నుంచి సెనేటులో ఉన్నారు. రిపబ్లికన్. పన్నులు తగ్గాలన్నా, గర్భస్రావాన్ని వ్యతిరేకించాలన్నా, సంప్రదాయవాద న్యాయమూర్తులు కోర్టులకెక్కాలన్నా ఆయన ఓటు ఎటు పడుతుందో ఎవరూ అడగనక్కర్లేదు. అలాంటి నాయకుణ్ణి పరిశీలించేటప్పుడు సాధారణంగా ఓట్ల జాబితా ముందేసుకుని, ఎన్నిసార్లు పార్టీతో ఉన్నారు, ఎన్నిసార్లు లేరు అని లెక్కగడతారు. ఆ లెక్కలో గ్రాస్లీ ప్రత్యేకత దొరకదు. ఆయన పేరుతో నిలిచిన చట్టాలను ఒకచోట పేర్చి చూస్తే మాత్రం ఒక పోలిక కనిపిస్తుంది. ఆయన కొత్త ప్రభుత్వ శాఖల్ని పెద్దగా పుట్టించలేదు. ప్రభుత్వాన్నీ, దాని డబ్బుతో బతికే సంస్థల్నీ బయట నిలబడి కనిపెట్టి ఉండే హక్కును మామూలు మనిషి చేతికిచ్చే చట్టాలు తెచ్చారు. వాటిని ఈ వ్యాసంలో ‘కాపలా చట్టాలు’ అంటున్నాను. ఈ కాపలా బుద్ధికి మూలం కౌంటీ సమావేశాల్లో ఉందనీ, సొంత పార్టీ అధికారంలో ఉన్నప్పుడే దాని బలహీనత బయటపడుతుందనీ నా వాదన.

రంపపు పొట్టు నుంచి మాత్రల సీసా దాకా

ముందుగా 1986 నాటి ‘ఫాల్స్ క్లెయిమ్స్’ చట్ట సవరణను తీసుకోవాలి. గ్రాస్లీ మరే పనీ చేయకపోయినా దీనితోనే శాసన చరిత్రలో మిగిలేవారు.

ఈ చట్టం అసలు పుట్టింది 1863లో, లింకన్ కాలంలో. అంతర్యుద్ధంలో సైన్యానికి సరుకులమ్మే కాంట్రాక్టర్లు తుపాకిమందు పీపాల్లో రంపపు పొట్టు నింపి పంపారని చెప్పుకొనే రోజులవి. ప్రభుత్వాన్ని ఎవరైనా మోసం చేస్తున్నారని తెలిసిన పౌరుడు ప్రభుత్వం తరఫున తానే దావా వేయవచ్చు, రాబట్టిన సొమ్ములో వాటా పొందవచ్చు అన్నది అందులోని ఏర్పాటు. న్యాయవాదులు దీన్ని ‘క్వీ టామ్’ దావా అంటారు. 1943లో కాంగ్రెస్ దీని కోరలు పీకేసింది. సర్కారు దగ్గర అప్పటికే ఉన్న సమాచారం మీద ఆధారపడి ఎవరూ దావా వేయకూడదన్నారు. దాంతో నాలుగు దశాబ్దాలు చట్టం పుస్తకంలో ఉందే తప్ప కోర్టులో లేదు.

1980ల మొదట్లో రీగన్ ప్రభుత్వం రక్షణ ఖర్చును విపరీతంగా పెంచింది. వందల డాలర్ల సుత్తి, టాయిలెట్ సీటు కథలు పత్రికలకెక్కిన కాలం అది. పెంటగన్‌లో ఫ్రాంక్లిన్ స్పిన్నీ అనే విశ్లేషకుడు ఆయుధాల అసలు ఖర్చు చూపుతున్న లెక్కలకంటే ఎంతో ఎక్కువని తేల్చారు. ఆయనతో మాట్లాడాలని గ్రాస్లీ అడిగితే రక్షణశాఖ పంపలేదు. కొత్త సెనేటర్, అధికారపక్షం మనిషి. ఊరుకుంటే సరిపోయేది. గ్రాస్లీ తన నారింజరంగు షెవెట్ కారు తానే నడుపుకుంటూ పెంటగన్‌కు వెళ్లారు. అక్కడా స్పిన్నీని కలవనివ్వలేదు. 1983 మార్చిలో సెనేటు విచారణ జరిగింది, స్పిన్నీ ‘టైమ్’ పత్రిక ముఖచిత్రమయ్యారు. 1985లో రక్షణ బడ్జెట్‌ను స్తంభింపజేయాలన్న ప్రయత్నానికి రిపబ్లికన్ల వైపు నుంచి ముందు నిలిచిందీ గ్రాస్లీయే. పేదల పథకాల్లో వృథాను వెతికేవాడు సైన్యం ఖర్చులో వృథాను చూడకుండా ఉండటం నిజాయితీ కాదన్నది ఆయన తర్కం. 1991లో గల్ఫ్ యుద్ధానికి అనుమతి ఇవ్వడానికి వ్యతిరేకంగా ఓటేసిన రిపబ్లికన్ సెనేటర్లు ఇద్దరే. ఒకరు ఆరెగాన్‌కు చెందిన మార్క్ హాట్‌ఫీల్డ్, రెండోవారు గ్రాస్లీ.

ఆ అనుభవం నుంచి వచ్చిందే 1986 సవరణ. ప్రతినిధుల సభలో కాలిఫోర్నియా డెమొక్రాట్ హోవర్డ్ బెర్మన్, సెనేటులో గ్రాస్లీ దీన్ని నడిపారు. నష్టపరిహారం మూడింతలైంది. దావాలో ప్రభుత్వం కలిస్తే ఫిర్యాదుదారుకు 15 నుంచి 25 శాతం, కలవకపోతే 25 నుంచి 30 శాతం వాటా అన్నారు. గుట్టు విప్పిన ఉద్యోగిని యాజమాన్యం వేధించకుండా రక్షణ కల్పించారు. 1986 నుంచి 2024 ఆర్థిక సంవత్సరం దాకా ఈ చట్టం కింద అమెరికా ఖజానాకు తిరిగి చేరినది 7,800 కోట్ల డాలర్లకు పైమాటే.

ఇక్కడొక మలుపుంది. చట్టం పుట్టింది ఆయుధాల కాంట్రాక్టర్ల కోసం. కాలం గడిచేకొద్దీ రాబడిలో పెద్ద భాగం ఆసుపత్రులు, మందుల కంపెనీల నుంచి రాసాగింది. వృద్ధుల మెడికేర్, పేదల మెడికెయిడ్ పథకాల్లో పారే డబ్బు అంత పెద్దది మరి. ఈ దారిలోనే ఈ చట్టం మన దేశం దాకా వచ్చింది. ర్యాన్‌బాక్సీ మందుల నాణ్యతా పరీక్షల సమాచారం నమ్మదగినది కాదని ఆ సంస్థలో పనిచేసిన దినేశ్ ఠాకూర్ అమెరికా అధికారులకు తెలియజేశారు. 2013 మేలో ర్యాన్‌బాక్సీ నేరం ఒప్పుకుని 50 కోట్ల డాలర్లు చెల్లించడానికి అంగీకరించింది. ఠాకూర్‌కు ఈ చట్టం కింద దక్కిన వాటా 4.8 కోట్ల డాలర్లకు పైనే. న్యూ హార్ట్‌ఫర్డ్ రైతుబిడ్డ పెంటగన్ సుత్తుల మీద కోపంతో రాయించిన చట్టం పాంటా సాహిబ్, దేవాస్‌లలోని మందుల ఫ్యాక్టరీల తలుపు తట్టింది. అమెరికాకు జెనరిక్ మందులు ఎగుమతి చేసే హైదరాబాదు పరిశ్రమ ఈ చట్టాన్ని ఎందుకు జాగ్రత్తగా చదువుకోవాలో వేరే చెప్పక్కర్లేదు.

ఈ దిశలోనే మరికొన్ని చట్టాలొచ్చాయి. ప్రభుత్వోద్యోగుల కోసం 1989లో విజిల్‌బ్లోయర్ రక్షణ చట్టం, పన్ను ఎగవేతను బయటపెట్టేవారికి 15 నుంచి 30 శాతం బహుమతి ఇచ్చే 2006 నాటి ఏర్పాటు వాటిలో ముఖ్యమైనవి. 2004లో వయాక్స్ అనే నొప్పుల మాత్ర గుండెకు ప్రమాదమని ఔషధ నియంత్రణ సంస్థలోని డాక్టర్ డేవిడ్ గ్రాహమ్ చెప్పినప్పుడు, ఆయనకు సాక్ష్యపు వేదిక కల్పించింది గ్రాస్లీ అధ్యక్షతన ఉన్న ఫైనాన్స్ కమిటీయే. విస్కాన్సిన్ డెమొక్రాట్ హెర్బ్ కోల్‌తో కలిసి ఆయన తెచ్చిన మరో బిల్లు ప్రకారం, డాక్టర్లకు తామిచ్చే సొమ్మూ కానుకలూ మందుల కంపెనీలు బయటపెట్టాలి. ఏ రోగి అయినా తన డాక్టరు పేరు కొట్టి చూసుకోవచ్చు. ఇది 2010 నాటి ఒబామా ఆరోగ్య చట్టంలో భాగంగా చట్టమైంది. గ్రాస్లీ ఆ పెద్ద చట్టానికి మాత్రం వ్యతిరేకంగా ఓటేశారు. తన ప్రతిపాదన అందులో ఉందని మొత్తాన్ని మోయలేదు, మొత్తం నచ్చలేదని తన ప్రతిపాదనను వదులుకోనూ లేదు. ఆయన పద్ధతి అర్థం కావాలంటే ఈ ఒక్క ఉదాహరణ చాలు.

రైతు దివాలా తీసినప్పుడు

1980ల అయోవాను అర్థం చేసుకోకుండా గ్రాస్లీని అర్థం చేసుకోలేం. అంతకుముందు దశాబ్దంలో ధాన్యానికి ధర, భూమికి రేటు రెండూ పెరిగాయి. బ్యాంకులు పిలిచి అప్పులిచ్చాయి. తర్వాత వడ్డీలు ఆకాశాన్నంటాయి. సోవియట్ యూనియన్‌కు ధాన్యం అమ్మకూడదని 1980లో అధ్యక్షుడు కార్టర్ ఆంక్ష పెట్టారు. అయోవాలో ఎకరం సగటు ధర 1981లో 2,147 డాలర్లుంటే 1986కు 787కు పడిపోయింది. అయిదేళ్లలో మూడింట రెండు వంతుల దాకా ఆవిరైంది. భూమి చూపించి తెచ్చిన అప్పు అలాగే ఉంది, చూపించిన భూమికి మాత్రం విలువ లేదు. వేలం పాటలు, మూతపడిన బ్యాంకులు, ఆత్మహత్యలు ఆ కాలపు జ్ఞాపకాలు. అప్పుల రైతు బాధ తెలుగు పాఠకులకు ఎవరూ వివరించనక్కర్లేదు. ఆ బాధకు అక్కడి చట్టం ఏ రూపంలో జవాబిచ్చిందో మాత్రం తెలుసుకోదగ్గది.

అప్పటి అమెరికా దివాలా చట్టంలో రైతుకు సరిపోయే తలుపు లేదు. పదకొండో అధ్యాయం పెద్ద కంపెనీలకోసం రాసింది, దాని ఖర్చు రైతు భరించలేడు. పదమూడో అధ్యాయం జీతగాళ్లకోసం రాసింది, అందులో అప్పు పరిమితి మరీ తక్కువ. ఒక ట్రాక్టరు, ఒక కోతమిషను, కాస్త భూమి ఉన్న రైతు కూడా ఆ పరిమితి దాటిపోతాడు. 1986లో గ్రాస్లీ చొరవతో పన్నెండో అధ్యాయం వచ్చింది. రైతు తన భూమిలోనే ఉంటాడు, సాగు ఆపడు. మూడు నుంచి అయిదేళ్ల చెల్లింపు ప్రణాళిక కోర్టుకు ఇస్తాడు. తాకట్టుభూమి విలువ పడిపోతే, ఆ విలువకు మించిన అప్పును కోర్టు హామీలేని బాకీగా లెక్కగడుతుంది. అందులో రైతు కట్టగలిగినంతే కట్టాలి. అప్పిచ్చినవాడు ఒప్పుకోకపోయినా సరే. ఈ చివరి మాటే చట్టానికి ప్రాణం. కోర్టుకెక్కితే ఇలా అవుతుందని తెలిసిన బ్యాంకు కోర్టు బయటే రాజీకి వస్తుంది. రైతుకు సబ్సిడీ ఇవ్వలేదు, రుణమాఫీ ప్రకటించలేదు. బేరమాడే బలం ఇచ్చారు.

మొదట ఇది తాత్కాలిక చట్టం. మళ్లీ మళ్లీ పొడిగించుకుంటూ వచ్చి 2005లో శాశ్వతం చేశారు. 1986లో 15 లక్షల డాలర్లుగా ఉన్న అప్పు పరిమితిని, 2019లో గ్రాస్లీ తెచ్చిన బిల్లు కోటి డాలర్లకు పెంచింది.

అయితే పన్నెండో అధ్యాయాన్ని శాశ్వతం చేసిన 2005 చట్టానికి సెనేటులో కర్త కూడా గ్రాస్లీయే. మామూలు కుటుంబాలకు దివాలా రక్షణను కష్టతరం చేసిందీ ఆ చట్టమే. ఆదాయ పరీక్ష పెట్టి, అప్పుల నుంచి నేరుగా బయటపడే దారిని ఇరుకు చేసింది. క్రెడిట్ కార్డు కంపెనీలు ఎంతోకాలంగా కోరుకున్నది అదే. అప్పటికి న్యాయశాస్త్ర అధ్యాపకురాలైన ఎలిజబెత్ వారెన్ దాన్ని గట్టిగా ఎదిరించారు. ఆసుపత్రి బిల్లుతో మునిగిన నగరవాసికీ, గింజధర పడి మునిగిన రైతుకూ మధ్య ఒకే చట్టం ఇంత తేడా చూపడాన్ని నేను సమర్థించలేను. రైతు కష్టం గ్రాస్లీ కళ్లారా చూసిన కష్టం. క్రెడిట్ కార్డు బాకీదారు ఆయనకు ఫైలులో కనిపించినవాడు. కౌంటీ సమావేశం చట్టానికి కళ్లిస్తుంది, కానీ ఆ గదిలో ఎవరున్నారన్నదాన్ని బట్టే చూపు మేర ఉంటుంది. పన్నెండేళ్ల తర్వాత, అప్పటికి తానూ సెనేటరైన ఆ వారెన్‌తోనే కలిసి గ్రాస్లీ, డాక్టరు చీటీ లేకుండా దుకాణంలో వినికిడి యంత్రం కొనుక్కునే వీలు కల్పించే చట్టం తెచ్చారు. 2022 అక్టోబరు నుంచి అవి అమ్మకానికొచ్చాయి. వినికిడి తగ్గిన వృద్ధులు ఆయన సమావేశాల్లో ముందు వరుసలో కూర్చునేవాళ్లు మరి.

గాలి, మొక్కజొన్న, ఇంటి లెక్క

కాపలా చట్టాలకు డబ్బు అక్కర్లేదు. అయోవా ఆర్థిక ప్రయోజనాల విషయానికొచ్చేసరికి గ్రాస్లీ సంప్రదాయవాదం వేరే దారి పడుతుంది. 1992 ఇంధన చట్టంలో గాలిమరలు ఉత్పత్తి చేసే ప్రతి యూనిట్ విద్యుత్తుకూ ఒకటిన్నర సెంటు పన్ను రాయితీ పెట్టించింది ఆయనే. దాన్ని పదే పదే పొడిగించిందీ ఆయనే. నేడు అయోవా ఉత్పత్తి చేసే విద్యుత్తులో దాదాపు 60 శాతం గాలి నుంచే వస్తోంది. తన పొలంలో మర నిలబెట్టనిచ్చిన రైతుకు ఏటా అద్దె వస్తుంది, కౌంటీకి పన్ను వస్తుంది. మొక్కజొన్నలోనూ, దానితో చేసే ఇథనాల్‌లోనూ దేశంలో అయోవాదే మొదటిస్థానం. పెట్రోలులో ఇథనాల్ కలిపి తీరాలన్న నిబంధనను ట్రంప్ మొదటి పాలనలో పర్యావరణ సంస్థ నీరుగారుస్తోందని గ్రాస్లీ బహిరంగంగా పోట్లాడారు.

స్వేచ్ఛా విపణిని నమ్మే నాయకుడు ఒక పరిశ్రమకు మూడు దశాబ్దాలు రాయితీ ఎలా సమర్థిస్తారని సంప్రదాయవాదులే ఆయన్ను అడిగారు. చమురుకూ అణువిద్యుత్తుకూ రాయితీలున్నంతకాలం గాలికి ఒక్కదానికే తీసేయడం న్యాయం కాదన్నది ఆయన జవాబు. జవాబులో పస ఉంది. కానీ అదే ధోరణి ఒక్కోసారి ఎంత దూరం పోతుందో చూపడానికి కోరల్‌విల్ కథ చాలు. అయోవా చలిలో అద్దాల కప్పు కింద కృత్రిమ వర్షారణ్యం కట్టడానికి గ్రాస్లీ 5 కోట్ల డాలర్ల కేంద్ర నిధి మంజూరు చేయించారు. స్థానికంగా సమకూరాల్సిన సొమ్ము సమకూరలేదు, అరణ్యం మొలవలేదు, నిధి వెనక్కి పోయింది. పెంటగన్ సుత్తి ధర అడిగిన మనిషి ఈ అద్దాల అడవి ధర ముందే అడిగివుండాల్సింది. రైతు సబ్సిడీల్లో మాత్రం ఆయన తన వర్గాన్ని కూడా నొప్పించడానికి వెనుకాడలేదు. ఒక్కో కమతానికి చెల్లింపు పరిమితి పెట్టాలని, నిజంగా సేద్యం చేయని వాటాదారులకు డబ్బు పోకూడదని ఏళ్ల తరబడి వాదించారు, పూర్తిగా గెలవలేదు.

పల్లె ఆసుపత్రుల విషయం క్లుప్తంగా చెబుతాను. 2003 మెడికేర్ చట్టంలో గ్రామీణ ఆసుపత్రులకు చెల్లింపులు పెంచడం, పడకలు నిండక మూతపడబోయే చిన్న ఆసుపత్రి అత్యవసర విభాగాన్ని మాత్రం నిలుపుకుని బతకడానికి వీలిచ్చే ఏర్పాటు (2020లో చట్టమై 2023 నుంచి అమల్లో ఉంది) ఆయన పట్టుదల ఫలాలే.

అర్జీ దారి

సెనేటరుకు మన ఎంపీలకున్నట్టు నియోజకవర్గ నిధి ఉండదు. ఆయన చేతిలో ఉన్నది ఉత్తరం, ఫోను. గ్రాస్లీకి అయోవాలో డె మోయిన్, సీడర్ ర్యాపిడ్స్, వాటర్లూ, సూ సిటీ, డావెన్‌పోర్ట్, కౌన్సిల్ బ్లఫ్స్ ఊళ్లలో ఆరు కార్యాలయాలున్నాయి. ఆగిపోయిన పాస్‌పోర్టు, అందని మాజీ సైనికుడి పింఛను, పన్నుశాఖ నోటీసు, ఏళ్లుగా కదలని వలస దరఖాస్తు, ఇవే అక్కడికొచ్చే అర్జీలు. 1974 నాటి వ్యక్తిగత గోప్యతా చట్టం వల్ల అర్జీదారు రాతపూర్వక అనుమతి లేనిదే ఏ శాఖా సెనేటరుకు వివరాలివ్వదు. సెనేటరు ఆజ్ఞాపించలేరు, అడగగలరు. అయితే సెనేటరు కార్యాలయం అడిగితే ఆ శాఖలో ఎవరో ఒకరు ఫైలు తెరిచి జవాబు రాయక తప్పదు. విడివిడిగా వచ్చిన అర్జీలు ఒకే శాఖ మీద గుట్టగా పేరుకుంటే అది శాసనానికి ముడిసరుకవుతుంది. పన్నుశాఖ విషయంలో అదే జరిగింది. 1988 నాటి పన్ను చెల్లింపుదారుల హక్కుల చట్టంలోనూ, పదేళ్ల తర్వాత వచ్చిన ఆ శాఖ పునర్వ్యవస్థీకరణలోనూ గ్రాస్లీ పాత్ర ఉంది.

ప్రకృతి విపత్తులప్పుడు ఈ అనుబంధం ఇంకా దగ్గరగా కనిపిస్తుంది. 1993 మహా వరదల్లో అధ్యక్షుడు క్లింటన్‌తో కలిసి అయోవాలో తిరుగుతూ గ్రాస్లీ సెనేటులో ఓట్లు తప్పారు. ఆ తర్వాత 27 ఏళ్లపాటు ఒక్క ఓటు కూడా తప్పలేదు. వరుసగా 8,927 ఓట్లు! 2020 నవంబరులో కోవిడ్ సోకి ఇంట్లో ఉండిపోవాల్సివచ్చేదాకా ఆ వరుస తెగలేదు. 2008 జూన్‌లో సీడర్ నది 31 అడుగులు దాటి సీడర్ ర్యాపిడ్స్ నగరాన్ని ముంచినప్పుడు, అంతకుముందు కత్రినా తుపాను బాధితులకిచ్చిన తరహా పన్ను ఊరటలు మధ్యపశ్చిమానికీ కావాలని పట్టుబట్టి ఆ ఏడాది అక్టోబరుకల్లా చట్టం చేయించారు.

తెలుగు ఇళ్ల దాకా వచ్చిన పేరు

అమెరికా వెళ్లిన తెలుగు కుటుంబాల్లో గ్రాస్లీ పేరు ఇథనాల్ వల్లనో రైతు దివాలా వల్లనో తెలియలేదు, హెచ్-1బి వల్ల తెలిసింది. 2007లో ఇలినాయ్ డెమొక్రాట్ డిక్ డర్బిన్‌తో కలిసి ఆయన హెచ్-1బి, ఎల్-1 వీసాల సంస్కరణ బిల్లు పెట్టారు. అప్పటినుంచి 2025 దాకా దాన్ని పదే పదే ప్రవేశపెడుతూనే ఉన్నారు. యాభైమందికి పైగా ఉద్యోగులున్న సంస్థలో సగానికి మించి ఈ వీసాదారులే ఉంటే ఆ సంస్థ ఇక కొత్తగా హెచ్-1బి మీద ఎవర్నీ తీసుకోకూడదు, ముందు అమెరికన్ల కోసం వెతకాలి, జీతాల మెట్టు పెంచాలి, కార్మికశాఖ తనిఖీలు చేయాలి అన్నవి ముఖ్యాంశాలు. సగానికి మించి అన్న నిబంధన తగిలేది ప్రధానంగా భారతీయ ఐటీ సేవల సంస్థలకే.

2011లో మరో సంగతి జరిగింది. ఉద్యోగాధారిత గ్రీన్‌కార్డుల్లో ఏ దేశంవారికైనా ఏడాదికి 7 శాతానికి మించి ఇవ్వకూడదన్న పరిమితిని ఎత్తేసే బిల్లు ప్రతినిధుల సభలో 389-15 ఓట్లతో నెగ్గింది. ప్రయారిటీ డేట్ ఎప్పుడు కదులుతుందా అని నెలనెలా వీసా బులెటిన్ చూసుకునే భారతీయులకు అది పెద్ద ఆశ. సెనేటులో గ్రాస్లీ దానిమీద హోల్డ్ పెట్టారు, అంటే అభ్యంతరం చెప్పి బిల్లు ముందుకు కదలకుండా ఆపారు. హెచ్-1బి తనిఖీలకు వీలు కల్పించే సవరణకు ఒప్పందం కుదిరాక 2012 జులైలో ఎత్తేశారు గానీ, బిల్లు సెనేటు దాటలేదు.

ఆయన వలసదారులకు శత్రువనే మాట మనవాళ్లలో గట్టిగానే వినిపిస్తుంది. బిల్లు పాఠం చదివితే అంత సులువుగా తేల్చలేం. ఎల్-1 మీద వచ్చిన ఉద్యోగి యజమాని అక్రమాన్ని బయటపెడితే కక్షసాధింపు నుంచి రక్షణ అందులో ఉంది. జీతం ఇవ్వకుండా బెంచ్ మీద కూర్చోబెట్టే కన్సల్టెన్సీలు, చేతిలో లేని ప్రాజెక్టు చూపించి వీసా తెచ్చే ఏజెంట్లు మన కుర్రాళ్లకు చేసిన అన్యాయం చిన్నది కాదు. దాన్ని అరికట్టే తనిఖీ వల్ల ముందు మేలు పొందేది వాళ్లే. 2011లో ఇన్ఫోసిస్ ఉద్యోగి ఒకరు ఆ సంస్థ బి-1 సందర్శక వీసాలను ఉద్యోగాలకు వాడుతోందని ఆరోపించినప్పుడు గ్రాస్లీ విదేశాంగశాఖకూ హోంల్యాండ్ సెక్యూరిటీ శాఖకూ లేఖ రాశారు. 2013లో ఇన్ఫోసిస్ మోసం ఆరోపణను తోసిపుచ్చుతూనే 3.4 కోట్ల డాలర్లకు రాజీ కుదుర్చుకుంది. ఇక్కడా కథ నడిపింది లోపలి మనిషి ఫిర్యాదే. గ్రాస్లీ ఆలోచనలో పెంటగన్ కాంట్రాక్టరూ ఐటీ కాంట్రాక్టరూ ఒకే గూటి పక్షులు.

నా అభ్యంతరం వేరేచోట ఉంది. హెచ్-1బి ఉద్యోగి బలహీనతకు మూలం గ్రీన్‌కార్డు వరుస. దశాబ్దాల నిరీక్షణలో ఉన్నవాడు యజమానిని ఎదిరించలేడు. ఫిర్యాదు చేసే స్వేచ్ఛే లేనివాడికి ఫిర్యాదుదారు రక్షణ ఏం పనికొస్తుంది? కాపలా చట్టాల తర్కాన్ని గ్రాస్లీ చివరిదాకా నడిపివుంటే, 7 శాతం గోడను కూల్చే బిల్లుకు ఆయనే అందరికంటే ముందు నిలవాల్సింది. 2025 సెప్టెంబరులో డర్బిన్‌తో కలిసి అమెజాన్, గూగుల్, టీసీఎస్ సహా పది సంస్థలకు రాసిన లేఖల్లో ఉద్యోగుల తొలగింపుల గురించి, వీసా నియామకాల గురించి ప్రశ్నలున్నాయి. అవి అడగదగిన ప్రశ్నలే. ఆ వీసా మీద ఉన్నవాడి సంకెల గురించి కూడా అడగాలి.

సొంతపక్షం గద్దె మీద ఉంటే

2016 ఫిబ్రవరిలో న్యాయమూర్తి స్కాలియా మరణించాక, ఒబామా మెరిక్ గార్లండ్‌ను సుప్రీంకోర్టుకు ప్రతిపాదించారు. అప్పటి జ్యుడీషియరీ కమిటీ అధ్యక్షుడు గ్రాస్లీ విచారణే జరపలేదు. ఎన్నికల ఏడాది కనుక ప్రజలే తేల్చాలన్నారు. 2020లో ఎన్నికలకు వారం ముందు ఏమీ కోనీ బ్యారెట్‌ను ధ్రువీకరించడానికి ఓటేశారు. ఏ సమర్థన చెప్పినా ఈ రెండింటినీ ఒక తక్కెడలో తూచడం కష్టం. దశాబ్దాలపాటు విచారణ హక్కు కోసం పోరాడినవాడు ఒక నామినీకి విచారణ నిరాకరించడం ఆయన జీవితకృషికి ఎదురు సాక్ష్యం. అదే కమిటీ నుంచి రెండేళ్లకే, అంతకుముందు తాను వ్యతిరేకించిన శిక్షల తగ్గింపు విషయంలో మనసు మార్చుకుని, ‘ఫస్ట్ స్టెప్’ చట్టాన్ని సెనేటులో 87-12తో నెగ్గించారు. రెండూ ఒకే మనిషి పనులే.

2025 జనవరిలో గ్రాస్లీ మళ్లీ జ్యుడీషియరీ కమిటీ అధ్యక్షుడయ్యారు. ఆ నెలలోనే అధ్యక్షుడు ట్రంప్ పలు శాఖల్లో అక్రమాలపై నిఘా పెట్టే ఇన్‌స్పెక్టర్ జనరళ్లను ఒక్క రాత్రిలో తొలగించారు. తొలగింపుకు 30 రోజుల ముందు కారణాలతో కాంగ్రెస్‌కు తెలపాలన్న నిబంధనను 2022లో బలపరిచినవారిలో ముందున్నది గ్రాస్లీయే. ఆయన, డర్బిన్ కలిసి వివరణ కోరుతూ లేఖ రాశారు. ఆ సెప్టెంబరులో ఫెడరల్ న్యాయమూర్తి ఒకరు తొలగింపు చట్టవిరుద్ధమని చెప్పారు గానీ వాళ్లను తిరిగి నియమించలేదు. సుంకాల విషయంలో గ్రాస్లీ ఇంకాస్త ముందుకెళ్లారు. చైనా ఎదురు సుంకాలు వేస్తే ముందు దెబ్బతినేది అయోవా సోయాబీన్ రైతు. 2025 ఏప్రిల్‌లో వాషింగ్టన్ రాష్ట్ర డెమొక్రాట్ మరియా కాంట్వెల్‌తో కలిసి, అధ్యక్షుడు వేసే కొత్త సుంకాలు 60 రోజుల్లో కాంగ్రెస్ ఆమోదం పొందకపోతే రద్దయ్యే బిల్లు పెట్టారు. ఆ జులైలో గాలి, సౌర విద్యుత్తు రాయితీలకు ముగింపు పలికే పెద్ద బడ్జెట్ చట్టానికి ఓటేశారు. నెల తిరక్కుండానే, ఆ రాయితీల గడువు నిబంధనలను చట్టం ఉద్దేశానికి విరుద్ధంగా బిగించకూడదని ఆర్థికశాఖ నామినీలమీద హోల్డ్ పెట్టారు. పెద్ద ఓటు పార్టీకి, చిన్న పట్టు ఇంటికి. ఇటీవలి గ్రాస్లీ రాజకీయాల కొలత ఇదే అనిపిస్తుంది. ఓటరు కూడా దీన్ని గమనించాడేమో. 2004లో 70 శాతం ఓట్లు తెచ్చుకున్న ఆయనకు 2010లో 64, 2016లో 60, 2022లో 56 శాతం వచ్చాయి. ఈ కాలంలోనే రాష్ట్రం రిపబ్లికన్ల వైపు బాగా మళ్లింది. పార్టీ పెరుగుతుంటే ఆయన సొంత ఆధిక్యం తరిగిందంటే, ఒకప్పుడు పార్టీ చూడకుండా ఓటేసిన డెమొక్రాట్లు దూరమయ్యారన్నమాట. ఆ 99 కౌంటీల యాత్ర సంపాదించిపెట్టిన ప్రధాన ఆస్తి వాళ్లే.

2025 ఏప్రిల్ 15న మిసిసిపీ నది ఒడ్డున, లీ కౌంటీలోని ఫోర్ట్ మాడిసన్‌లో సమావేశం జరిగింది. హాలు నిండిపోయింది. కోర్టు రక్షణ ఉన్నా పొరపాటున ఎల్ సాల్వడార్‌కు పంపేసిన ఒక వలసదారు గురించి, సుప్రీంకోర్టు ఆదేశాన్ని అధ్యక్షుడు పాటించకపోతే సెనేటరు ఏంచేస్తారని జనం కేకలు వేస్తూ అడిగారు. అది కాంగ్రెస్ చేతిలోని అధికారం కాదని గ్రాస్లీ బదులిచ్చారు. హాలు శాంతించలేదు. ఆ ఏడాది టౌన్ హాళ్లు తగ్గించుకున్న రిపబ్లికన్లు చాలామంది ఉన్నారు. గ్రాస్లీకి అప్పటికి 91 ఏళ్లు. ఆయన అక్కడే నిలబడి తర్వాతి ప్రశ్న తీసుకున్నారు.